రాజీ అయినవి ఎన్ని?



కుటుంబ సలహా కేంద్రంలో ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పమని ఆకాశవాణి వాళ్ళు పిలిచారు. రిటైరైన మనిషి చేతికి మైకు ఇవ్వడం సాహసమే. ఎదురుగా గడియారం పెట్టారు కాబట్టి అదుపులో ఉంటాను.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ పెళ్ళిళ్ళలోనూ రైళ్ళలోనూ నేనేం చేస్తానో తెలిసినవాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటే. "ఇప్పటిదాకా ఎన్ని కాపురాలు నిలబెట్టారండీ?" అడగడంలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. మా సంస్థ ఏటా తయారుచేసే నివేదిక కూడా అదే అడిగేది. వచ్చిన కేసులు, రాజీ అయినవి, కోర్టుకు వెళ్ళినవి, నడుస్తున్నవి అని నాలుగు గడులు. రాజీ గడిలో అంకె ఎంత పెద్దదైతే కేంద్రం అంత బాగా పనిచేసినట్టు. ఆ గడితో నాకు మొదటినుంచీ పేచీ. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్పాలి.

ఇంకో మాట. నేను చెప్పే సంగతుల్లో మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు ఉండవు. రెండు మూడు ఇళ్ళ సంగతులు కలిపి ఒకటిగా చెబుతాను. వింటుంటే "ఇది మా పక్కింటి వాళ్ళ కథే" అనిపిస్తే, అది మీ పక్కిల్లు కాదు. అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఆలుమగల తగువు పెద్దల్లో పెట్టడం మనకు కొత్తేమీ కాదు. మేనమామో, కులపెద్దో, ఊరి ప్రెసిడెంటో అరుగు మీద కూర్చుని తేల్చేవారు. ఇప్పటికీ తేలుస్తున్నారు. అబ్బాయి తరఫున వాళ్ళ నాన్న మాట్లాడతాడు, అమ్మాయి తరఫున వాళ్ళ నాన్న మాట్లాడతాడు, అమ్మాయి గుమ్మం లోపల నిలబడి వింటుంది. ఆ అమ్మాయికి కుర్చీ వేసి, తలుపు దగ్గరకు వేసి, "మీకేం కావాలి?" అని అడగడానికి జీతం తీసుకునే మనిషి ఒకరు ఉండాలనుకోవడం మాత్రం కొత్త.

ఆ ఆలోచన ఇంతదూరం రావడంలో మన రాజమండ్రి ఆవిడ చెయ్యి ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1909లో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళి తనకు వద్దని చెప్పి బయటికి వచ్చేశారు. ఏ సలహా కేంద్రమూ లేని రోజుల్లో! 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడు చైనా వెళ్ళి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూ గారికి చెప్పారు. న్యాయమూర్తులు ఛాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోనూ మాట్లాడారు. అనుకున్న చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె పోయి మూడేళ్ళయింది.

ఆ చట్టానికి ఒక ఏడాది ముందు, 1983లో, సంక్షేమ మండలి కుటుంబ సలహా కేంద్రాల పథకం మొదలుపెట్టింది. భర్తా అత్తింటివారూ పెట్టే క్రూరహింసను నేరంగా చెప్పిన 498ఎ సెక్షను కూడా ఆ ఏడే వచ్చింది. కట్నం చావుల మీద ఆడవాళ్ళు రోడ్లెక్కిన కాలం అది. 1984లో బొంబాయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వాళ్ళు ఏకంగా పోలీసు కమిషనరు ఆఫీసులోనే సోషల్ వర్కర్లకు బల్లా కుర్చీ వేయించారు. స్టేషనుకు వచ్చిన ఆడమనిషికి లాఠీ పట్టుకోని మనిషి ఒకరు కనబడాలని. మా తరంవాళ్ళం ఎం.ఎస్.డబ్ల్యు. చదివి ఈ ఉద్యోగాల్లోకి వచ్చామంటే వెనక ఇదంతా ఉంది. అప్పుడు మాకు ఇందులో పావు వంతు కూడా తెలియదు. దగ్గరలో దొరికిన ఉద్యోగం కాబట్టి చేరాం.

ఇక గదిలోకి వద్దాం.

మా దగ్గరికి ఆడమనిషి ఒంటరిగా రావడం అరుదు. తల్లి, అన్న, వదిన, ఊరి పెద్దమనిషి ఒకరు. నలుగురూ కుర్చీల్లో కూర్చుంటారు, ఆవిడ గోడ పక్కన నిలబడుతుంది. నలుగురూ చెబుతారు, ఆవిడ నేల చూస్తూ ఉంటుంది. నా మొదటి పని ఆ నలుగుర్నీ వరండాలోకి పంపడం. అంత తేలిగ్గా వెళ్ళరు. "మాకు తెలియని రహస్యాలేముంటాయండీ?" అని అన్నగారికి కోపం వస్తుంది. టీ తాగి రమ్మంటాం. పది నిమిషాలంటాం. గంట దాటుతుంది.

తలుపు వేశాక ఏం జరిగిందని అడగం. భోంచేశావా అమ్మా, పిల్లలు ఎవరి దగ్గరున్నారు, ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు? ఇవీ మొదటి ప్రశ్నలు. చూడటానికి చుట్టపుచూపు పలకరింపులా ఉంటాయి. కానీ మూడో ప్రశ్నకు జవాబు రాలేదంటే ఆ రోజుకు మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఆ ఒక్కటే చూడాలి. చీకటి పడ్డాక ఆడమనిషికి, ఇద్దరు పిల్లలకు చోటు వెతకడం ఎంత కష్టమో మా ఊళ్ళో ఆటోవాళ్ళందరికీ తెలుసు.

ఏం జరిగిందో వాళ్ళంతట వాళ్ళే మొదలుపెడతారు. వరుసలో చెప్పరు. పెళ్ళినాడు ఆడపడుచు లాంఛనాల్లో తగ్గిన చీర దగ్గర మొదలవుతుంది, బావగారి పిల్ల ఓణీల ఫంక్షనుకు వెళ్తుంది, అక్కడి నుంచి అప్పుల దగ్గరికి. మొన్న తగిలిన దెబ్బ వీటి మధ్యలో ఒక్క ముక్కగా వచ్చి వెళ్ళిపోతుంది. "అందరిళ్ళలో ఉండేదేగా, దాన్నేం చెప్పుకుంటాం లెండి" అంటూ.

ఊరికే అన్న మాట కాదు అది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త భార్యను కొట్టడం ఏయే సందర్భాల్లో సరైనది అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్తే, పిల్లల్ని సరిగా చూడకపోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చేయకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే, ఇలా ఏడు సందర్భాలు చెప్పి అడిగారు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 84 మంది దాకా ఆడవాళ్ళు వీటిలో కనీసం ఒకదానికి కొట్టడం సబబే అన్నారు. మగవాళ్ళు తెలంగాణలో 71 మంది, ఆంధ్రలో 67 మంది దాకా. అంటే కొట్టే హక్కుందని మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువమంది అన్నారు! ఈ అంకెలు చూపించి "చూశారా, ఆడదానికి ఆడదే శత్రువు" అనేవాళ్ళను చూశాను. నాకలా అనిపించదు. పుట్టిన దగ్గర్నుంచి ఇంట్లో విన్న తీర్పును సర్వేవాళ్ళకు అప్పజెప్పారంతే. అదే ఆడవాళ్ళు తలుపు వేశాక ఇంకోలా మాట్లాడటం నేను విన్నాను.

భర్తను పిలిస్తే వస్తాడా అని అడుగుతారు. చాలావరకు వస్తారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ఒక కవరు పట్టుకుని వస్తారు. కవర్లో భార్య ఫోన్ కాల్స్ జాబితా ఉంటుంది. కూర ఏ మాత్రం బాగుండదని చెప్పడానికి వెంట తల్లి ఉంటుంది. "నేను కూడా రెండు ముక్కలు చెప్పుకోవాలి మేడం." చెప్పనిస్తాం. నోరెక్కువ, పుట్టింటి మాటే వేదం, ఫోను వదలదు. వినాలి. వాళ్ళ కష్టాల్లో నిజమైనవీ ఉంటాయి. వడ్డీకి తెచ్చిన అప్పులు, పోయిన ఉద్యోగం, పెళ్ళయితే మానేస్తాడులే అని పెద్దలు దాచిపెట్టిన తాగుడు.

కానీ గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు పంపిన కౌన్సెలింగ్ అయితే ఒక కట్టుబాటు ఉంది. చట్టం 2005ది, అమల్లోకి వచ్చింది 2006 అక్టోబరు 26న. దాని నిబంధనల్లో 14వది మాలాంటి వాళ్ళ గురించి. చేసిన హింసకు సమర్థన చెప్పుకోవడానికి కౌన్సెలింగ్‌లో తావు లేదు, ఆ సంగతి మాటలు మొదలుకాకముందే అతనికి తెలియజేయాలి అని ఉంటుంది అందులో. ఇక ముందు చేయనని అతను హామీ ఇవ్వాలని కూడా ఉంటుంది. ఎవరు రాశారో గాని మన ఇళ్ళ సంగతి బాగా తెలిసినవాళ్ళు రాశారు. ఎందుకంటే సమర్థన మొదలైందా, అరగంట తిరిగేసరికి నాతో సహా గదిలో ఉన్నవాళ్ళందరం ఆ రోజు కూర ఎందుకు మాడిందో విచారిస్తూ ఉంటాం. కొట్టిన సంగతి ఎక్కడో కిందపడిపోయి ఉంటుంది. ఆ నియమం ముందే చెబితే కొందరు విసురుగా లేచిపోతారు. కూర్చున్నవాళ్ళతో మాత్రం పని జరుగుతుంది. మగవాడికి తన కోపం గురించి తాను మాట్లాడుకునే చోటు మన ఊళ్ళలో ఇంకెక్కడుంది? బ్రాందీషాపు దగ్గర తప్ప.

రాజీ గడి సంగతికి వస్తాను.

కుట్టుపని చేసుకునే ఒకావిడ ఉండేది. ఇద్దరు పిల్లలు. భర్త లారీ మీద వెళ్ళేవాడు, వచ్చినప్పుడల్లా గొడవ. మొదటిసారి వచ్చినప్పుడు పెద్దలు కూర్చున్నారు, అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, స్టాంపు కాగితం మీద రాసిచ్చాడు. ఆవిడ వెళ్ళింది. రాజీ. ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి అతని అన్న పూచీ పడ్డాడు. రాజీ. మూడోసారి చెయ్యి విరిగి వచ్చింది. కట్టు విప్పేదాకా పుట్టింట్లో ఉంది. ఈలోగా చెల్లెలికి సంబంధం కుదిరింది. మగపెళ్ళివారు "పెద్దమ్మాయి ఇక్కడే ఉంటుందా?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు. తండ్రి మా దగ్గరికి వచ్చి, "ఎలాగోలా కాపురానికి పంపించండమ్మా, మీకు పుణ్యం ఉంటుంది" అన్నాడు. ఆవిడే "వెళ్తాన్లెండి" అంది. రాజీ. ఒకే మనిషి, ఒకే ఇల్లు, మా నివేదికలో మూడు విజయాలు.

నాలుగోసారి ఎవరూ తోడు లేకుండా వచ్చింది. కూర్చోమనకముందే కూర్చుంది. "నేను విడాకులు అడగడంలేదు మేడం. ఆ ఇంట్లో నా కుట్టు డబ్బులున్నాయి. నేనెందుకు పోవాలి? అతను కొట్టకుండా ఉంటే చాలు, మాట్లాడకపోయినా ఫర్వాలేదు."

పాతకాలంలో ఈ కోరికకు తోవ లేదు. పోలీసు కేసు పెడితే అతను జైలుకు, ఆమె పుట్టింటికి. కోర్టుకు వెళ్తే విడాకులో, మనోవర్తో. ఇంట్లోనే ఉంటాను, నన్ను కొట్టకుండా ఆపండి అని అడగడానికి 2005 చట్టం వచ్చాకే వీలైంది. ఇల్లు ఎవరి పేర ఉన్నా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆడమనిషికి ఉందని అందులో 17వ సెక్షను చెబుతుంది. జరిగిన హింసంతా ఒక నివేదికగా రాసి రక్షణాధికారి ద్వారా మేజిస్ట్రేటుకు పంపాలి. మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా వేయాలని, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. వాయిదాల సంగతి కోర్టు గుమ్మం తొక్కినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి ఆ లోపల ఆమె ప్రాణానికి ముప్పు రాకుండా చూసుకోవడం అసలు పని. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఆస్పత్రి చీటీలు అన్నీ నకళ్ళు తీయించి నమ్మకమైన ఇంకో ఇంట్లో పెట్టించాం. పోస్టాఫీసులో ఆమె పేర పొదుపు ఖాతా తెరిపించాం, పాసుపుస్తకం ఇంటికి తీసుకెళ్ళొద్దన్నాం. రాత్రిపూట గొడవ ముదిరితే ఏ తలుపులోంచి బయటపడాలి, పెద్దపిల్ల ఎవరింటికి పరిగెత్తాలి అన్నది కాగితం మీద బొమ్మ గీసుకుని మరీ మాట్లాడుకున్నాం. వంటింట్లో ఉండగా గొడవ మొదలైతే అక్కడ నిలబడవద్దని చెప్పాం. కత్తిపీట అక్కడే ఉంటుంది కదా. ఎం.ఎస్.డబ్ల్యు. పుస్తకాల్లో ఇవన్నీ ఒక్క పేరాలో ఉంటాయి. బల్ల దగ్గర కూర్చుని చేస్తే మధ్యాహ్నమంతా పడుతుంది.

ఉత్తర్వు వచ్చింది. ముందు గది, కుట్టుమిషను ఆవిడవి. వెనక వాటా అతనిది. పిల్లలు రెండు వైపులా తిరుగుతారు. విడాకులు లేవు, మాటలూ లేవు. సంక్రాంతికి అతను పిల్లలకు గుడ్డ తెస్తాడు, ఆవిడ కుడుతుంది. ఏడాది చివర నివేదిక రాస్తున్నప్పుడు మా జూనియరు అడిగింది, "మేడం, వీళ్ళను ఏ గడిలో వెయ్యను?" ఉన్న నాలుగింటిలో ఏదీ సరిపోలేదు. చివరికి కింద చేత్తో ఇంకో గీత గీసి "ఇతరములు" అని రాసింది.

అలాంటి ఇతరములు మాకు చాలా ఉండేవి. బయటికి వచ్చేసి ఇంకో ఊళ్ళో హాస్టల్లో వంటమనిషిగా చేరినావిడ, నిజంగానే భర్త తాగుడు మానేస్తే సంతోషంగా తిరిగి వెళ్ళినావిడ, కేసు పెట్టి వెనక్కి తీసుకుని రెండేళ్ళకు మళ్ళీ పెట్టినావిడ. వీళ్ళలో ఎవరికి మేలు జరిగిందో అంకె చెప్పదు. తనకేం కావాలో తాను చెప్పగలిగే స్థితికి ఆ మనిషి వచ్చిందా లేదా అన్నదే నేను చూసుకునేదాన్ని. ఆ తర్వాత కాపురం నిలబడిందా, విడిపోయిందా అన్నది వాళ్ళ నిర్ణయం. కుటుంబ వ్యవస్థను కూల్చడానికి జీతం తీసుకుంటున్నానని నన్ను అన్నవాళ్ళున్నారు. ఆడపిల్లల్ని బలవంతంగా వెనక్కి పంపుతున్నామని అన్నవాళ్ళూ ఉన్నారు. ఒకే వారంలో ఇద్దరూ అన్న సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇళ్ళకు వెళ్ళడం గురించి చెప్పాలి. మా ఉద్యోగంలో సగం అదే. సంచిలో ఫైలు కనబడకూడదు. వీధిలో "ఎవరింటికండీ?" అంటే పేరు చెప్పి పనుందంటాం, ఏం పనో చెప్పం. ఇంట్లో కూర్చున్నాక కళ్ళకు పని పెట్టాలి. బీరువా తాళాలు ఎవరి దగ్గరున్నాయి? ఆవిడ ఫోను మోగితే ఎవరు తీశారు? డ్వాక్రా అప్పు ఆవిడ పేర తీసుకుంటే ఆ డబ్బుతో కొన్న బండి ఎవరు నడుపుతున్నారు? పిల్లలు తండ్రి రాగానే టీవీ కట్టేశారా, ఒళ్ళోకి ఎక్కారా? ఇవేవీ అడగక్కర్లేదు, కాఫీ తాగేలోగా కనబడతాయి. ఆఫీసు గదిలో నోరు విప్పని అత్తగారు తన వంటింట్లో తన కథ చెబుతుంది. ఆవిడా పదహారేళ్ళకు దెబ్బలు తిన్న మనిషే. ఆ కథ వింటే కోడలి మీద ఆవిడకున్న కోపం తగ్గిపోతుందని కాదు. ఆవిడ ఎందుకంత గట్టిగా "మేం పడలేదా?" అంటుందో తెలుస్తుంది.

ఈ చూసినదంతా సాయంత్రం రాయాలి. కొత్తగా చేరినవాళ్ళు రాతపని అంటే ముఖం ముడుచుకుంటారు, నేనూ ముడుచుకున్నాను. కాలేజీలో మేరీ రిచ్‌మండ్ అనే అమెరికా ఆవిడ పేరు బట్టీపట్టాం. బాల్టిమోర్‌లో దానధర్మాలు చూసే ఒక సంఘంలో 1889లో డబ్బు లెక్కల ఉద్యోగానికి చేరి, ఆ పనిని ఒక శాస్త్రంగా మార్చిన మనిషి. 1917లో 'సోషల్ డయాగ్నోసిస్' అనే లావుపాటి పుస్తకం రాసింది. ఆవిడ రోజుల్లో దాతలు ఇంటికి వచ్చి చూసి, వీళ్ళు సాయానికి తగినవాళ్ళు, వీళ్ళు కాదు అని తేల్చేసేవారు. తేల్చేముందు ఆధారం ఏమిటో చూడమంది ఆవిడ. ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు, నువ్వు చూసిందెంత, ఊహించిందెంత. పరీక్ష రాసినప్పుడు ఇది చాదస్తం అనిపించింది.

ఫైలు కోర్టుకు వెళ్ళినప్పుడు తెలిసింది అదేమిటో. "భర్త తాగుబోతు" అని రాస్తే అవతలి వకీలు లేచి "మీరు చూశారా?" అంటాడు. "శనివారం రాత్రి తాగి వచ్చి తలుపు తన్నాడని ఆమె చెప్పింది, తలుపు గడియ ఊడి ఉండటం నేను చూశాను" అని రాస్తే లేచినాయన కూర్చుంటాడు. ఆమె మాట ఆమె మాటగా, నా కళ్ళు చూసింది నా కళ్ళు చూసినట్టుగా, నా అభిప్రాయం వేరే పేరాలో. ఆమె తిట్టు చెబితే తిట్టే రాయాలి, మర్యాదగా మార్చకూడదు. మార్చామా, ఆరు నెలల తర్వాత చదివితే అది ఎవరి గొంతో తెలియదు. మా దగ్గర చేరే పిల్లలకు నేను మొదట నేర్పింది కౌన్సెలింగ్ కాదు, రాయడం.

ముసలివాళ్ళు కూడా వచ్చేవారు. పొలం రాయించుకుని అన్నం పెట్టని కొడుకుల మీద. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం వచ్చింది. ఆర్డీవో గారి దగ్గర అర్జీ పెట్టుకుంటే నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. చట్టం చెబితే చాలామంది తల్లులు లేచిపోతారు. "వాణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పుతారా? వద్దమ్మా, మీరొకసారి వచ్చి మందలించండి చాలు" అంటారు.

విదేశీ సంబంధాలు ఇంకో అధ్యాయం. పెళ్ళి చేసుకుని నెల ఉండి వెళ్ళి, వీసా అంటూ ఫోను ఎత్తని పెళ్ళికొడుకులు. అక్కడికి వెళ్ళాక పాస్‌పోర్టు లాక్కున్నవాళ్ళు. అక్కడ చిక్కుకున్న మన పిల్లలకు అక్కడే ఆసరా ఇచ్చే సంస్థలున్నాయి. న్యూజెర్సీలో దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం 'మానవి' అనే సంస్థ 1985 నుంచే ఉంది. ఈ సంగతి ఇక్కడి తల్లిదండ్రులకు తెలియక, అల్లుడి మేనమామను బతిమాలుకుంటూ కూర్చుంటారు.

జీతం సంగతి. దాటేద్దామనుకున్నాను, దాటేస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గౌరవం ప్రతినెలా ఉండేది, వేతనమే ఒక్కోసారి నాలుగైదు నెలలకు కలిపి వచ్చేది. నాతో చదువుకున్నవాళ్ళలో తెలివైనవాళ్ళు కార్మిక సంబంధాల పేపరు తీసుకుని ఫ్యాక్టరీల్లోకి వెళ్ళి కార్లు కొన్నారు. మా గదిలో పనిచేసిన పిల్లలు మంచివాళ్ళు, పని నేర్చుకున్నవాళ్ళు, పెళ్ళి కుదరగానేనో, గ్రూప్స్ పరీక్ష పాసవగానేనో వెళ్ళిపోయేవారు. వాళ్ళను తప్పుపట్టను. కానీ ఒక ఆడమనిషి రెండేళ్ళు కష్టపడి ఒకరి దగ్గర నోరు విప్పాక, ఆ కుర్చీలో కొత్తమనిషి కనబడితే మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. చాలామంది చెప్పరు, లేచి వెళ్ళిపోతారు. ఈ నష్టం ఏ నివేదికలోనూ ఉండదు. ఇళ్ళు నిలబెట్టాలని ఉపన్యాసాలిచ్చే పెద్దలు కౌన్సెలరు జీతం ఫైలు కూడా నిలబెట్టి సంతకం చేయిస్తే బాగుండును.

విన్నవన్నీ మోసుకుని ఇంటికి వెళ్ళి ఎలా నిద్రపోయేవారని నన్ను అడిగినవాళ్ళు తక్కువ. శనివారం సాయంత్రాలు మేం ఇద్దరు ముగ్గురం తలుపు వేసుకుని ఆ వారం కేసులు ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. సలహా కోసం కొంత, బరువు దించుకోవడానికి కొంత. ఈ అలవాటు ఏ ఉత్తర్వులోనూ లేదు. ఇంట్లో మాత్రం ఒక్క కేసూ చెప్పలేదు. మా ఆయన చాలా ఏళ్ళు నేను ఆఫీసులో టైపు కొడతాననుకున్నారేమో!

ఇప్పుడు కేంద్రాల తీరు మారింది. 2015లో నిర్భయ నిధితో సఖి కేంద్రాలు వచ్చాయి. డాక్టరు, పోలీసు, వకీలు, కౌన్సెలరు ఒకే చోట దొరకాలని పెట్టారు, అయిదు రోజుల దాకా తలదాచుకోవచ్చు. మునుపు 498ఎ అన్న నేరం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లలో ఉంది.  అంతకుముందు 125వ సెక్షను కింద వేసే మనోవర్తి కేసు ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 144. నంబర్లు మారాయని కంగారు పడక్కర్లేదు, వకీలుకు తెలుసు.

వకీలు ఫీజుకు డబ్బుల్లేవని ఆగిపోయినవాళ్ళు వింటుంటే వాళ్ళకొక మాట. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. తెల్లకార్డు చూపించక్కర్లేదు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. హెల్ప్‌లైన్ నంబరు 181, పగలూ రాత్రీ పనిచేస్తుంది. అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే 112. అర్జీ రాసుకుని వెళ్ళాల్సిన పనిలేదు, చదువు రాకపోయినా వాళ్ళే రాసుకుని చదివి వినిపిస్తారు, చదివి వినిపించాకే వేలిముద్ర వెయ్యండి. ఆస్పత్రి చీటీ ఉంటే తీసుకెళ్ళండి, లేకపోయినా వెళ్ళండి. ఇంట్లో చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్ళొచ్చా అని అడుగుతారు. వెళ్ళొచ్చు.

గడియారం చూపిస్తున్నారు. సెలవు.